లెవీ మామయ్య ఐదు నిమిషాలు

మా చేపలరేవు పిగ్గిన్ కోవ్‌లో తలుపు తట్టేది పోలీసులో, మతం బోధించడానికి వచ్చిన కొత్తవాళ్లో. మిగతా అందరం గొళ్లెం ఎత్తి నేరుగా వంటింట్లోకి నడిచి వచ్చేస్తాం. లెవీ మామయ్య అయితే బూట్లకున్న మంచు కూడా దులపడు. ఆయన వెళ్లాక నేల తుడవలేక నా నడుం పడిపోయేది. ఎన్నిసార్లు అరిచినా ఆ మనిషి మారలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఈ రేవులో ముసలివాళ్లందరూ మామయ్యలూ అత్తయ్యలే. పెళ్లి చేసుకోలేదు, నలభై ఏళ్లు చేపలు పట్టాడు. వేట ఆపమని ప్రభుత్వం చెప్పాక ఆయనకు మిగిలిన పని ఒక్కటే, మా ఇళ్లలో ఆరిపోయిన పైలట్‌లు వెలిగించడం.

తుఫానుకు కరెంటు పోతే మాకు దిక్కు హాల్లోని గ్యాస్ ఫైర్‌ప్లేస్. దాని అడుగున గోరంత నీలిమంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. అదే పైలట్. అది ఉంటేనే పెద్ద మంట అంటుకుంటుంది. ఈశాన్యపు గాలి గొట్టంలోకి దూరిందంటే అది పుటుక్కున ఆరిపోతుంది, మేం లెవీ మామయ్యకు కబురు పెడతాం.

రాగానే నాబ్ తిప్పి గ్యాస్ పూర్తిగా ఆపేవాడు. తర్వాత బోర్లా పడుకుని తివాచీకి ముక్కు ఆనించేవాడు.

"ఈ ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువమ్మాయ్, నేలమీద పాకుతుంది. నిలబడి వాసన చూస్తే ఏం తెలుస్తుంది, నీ సెంటు కంపు తప్ప?" అనేవాడు.

ఏమాత్రం వాసన తగిలినా స్విచ్చు ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందర్నీ మంచులోకి తోలేసి, పక్కింటి ఫోన్లో గ్యాస్ వాళ్లను పిలిపించేవాడు. వాసన లేకపోయినా సరే, మిగిలిన గ్యాస్ పోయేదాకా ఐదు నిమిషాలు ఆగాల్సిందే. ఆ ఐదు నిమిషాలూ ఇంట్లోవాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడుతూనే ఉండాలి.

"ఏం మాట్లాడను మామయ్యా?"

"ఏదో ఒకటి. మీ ఆడపడుచు కాలివేళ్ల సంగతి చెప్పు."

"నీకు కావాల్సింది మంటా, మా ఇంటి గుట్టా?" అని ఓసారి కడిగేశాను. నవ్వేసి గడియారం చూసుకున్నాడు. ఒంటరి మనిషి, ఊసుల కోసం మొహం వాచిపోయాడని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను, ఆ పాపం నాదే.

ఆ ఏడు ఫిబ్రవరిలో తుఫాను మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. కిటికీలోంచి చూస్తే అన్ని ఇళ్ల గోడగొట్టాల నుంచీ ఆవిరి వస్తోంది, లెవీ మామయ్య ఇంటి నుంచి తప్ప. పార తీసుకుని నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్లాను. గొట్టం మూతిని మంచు కప్పేసింది. ముందు దాన్ని తవ్వి, తర్వాత గొళ్లెం ఎత్తి లోపలికి వెళ్లాను.

కోటు మీద దుప్పటి కప్పుకుని, ఫైర్‌ప్లేస్ ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

"పో. నువ్వు చెప్తే వెలిగించను," అన్నాడు.

"నేనేం చెప్పాను? ఇప్పుడేగా వచ్చాను!"

"ఇవాళ ఆడగొంతు కూడా పెట్టావురా?"

భయమేస్తే నాకు ముందు నోరు లేస్తుంది.

"రా ఏంటి, రా? అరవై ఏళ్ల ఆడదాన్ని పట్టుకుని రా అంటావా? మతి గానీ పోయిందా నీకు?"

అప్పుడు తిరిగి చూశాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. "తిట్టావు. అయితే నువ్వు మెల్వీనావే," అన్నాడు.

మా ఇంటికి లేవదీసుకుపోదామంటే కాళ్లు మొద్దుబారి నిలబడలేకపోతున్నాడు. ఫోన్లు పనిచేయడం లేదు. మగవాళ్లంతా కొండ అవతల రోడ్డు తవ్వడానికి పోయారు. ఆ గది వేడెక్కకపోతే మనిషి దక్కడని నాకు తెలిసిపోయింది. జరుగు, నేను వెలిగిస్తానని చెయ్యి చాచాను. నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఐదు నిమిషాలు కాలేదు!"

"నాబ్ ఎప్పుడు ఆపావు?"

"పొద్దున ఆరింటికి."

కిందికి వంగి తివాచీ వాసన చూశాను. పాత కుక్క వాసన తప్ప ఇంకేం లేదు. నా గడియారం విప్పి ఆయన ముందు పెట్టాను. "ఇదిగో, రెండూ పది. మళ్లీ మొదలుపెడదాం. నేనిక్కడే ఉంటాను. ఏమైందో చెప్పు."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎఫ్రయిమ్ ఆయన తమ్ముడు. ఇద్దరూ పడవలో ఉన్నారు, పడవ కింది గదిలో గ్యాస్ పొయ్యి ఆరిపోయింది. కాసేపు తలుపు తెరిచి ఉంచుదామన్నాడు తమ్ముడు. ఈయన పైన వల లాగుతున్నాడు, చేతులు కొంకర్లు పోతున్నాయి, టీ కావాలి.

"వెలిగించరా, ఎంతసేపు, అని కేకేశాను. వాడు నా మాట ఎప్పుడూ కాదనలేదమ్మాయ్. పడవ పేలిపోయింది, నేను నీళ్లలో తేలాను. వాడు దొరకనే లేదు."

"ఎన్నేళ్లయింది?"

"యాభై ఆరు. ఐదు నిమిషాలు ఊరుకున్నానా, వాడు వెనకాల వచ్చి కూర్చుంటాడు. వెలిగించరా, ఎంతసేపు, అంటాడు. వాడి గొంతు కాదు, నా గొంతే. ఎవరైనా మాట్లాడుతుంటే వినపడదు. ఒక్కణ్ణే ఉంటే చెయ్యి నాబ్ మీదికి పోతుంది. గడియారం చూసి పోయిందో, వాడి మాటకు పోయిందో తెలీదు. మళ్లీ మొదట్నుంచీ లెక్కపెడతా."

అలా ఎనిమిది గంటలు లెక్కపెట్టాడు ఆ మనిషి! ఊసుల పిచ్చి అని మేం నవ్విన మనిషి. నాకు ఏడుపొచ్చింది, మాట్లాడుతూ ఉండాలన్న సంగతే మర్చిపోయాను.

అప్పుడు గొళ్లెం లేచింది. మా వెనక, నేను వచ్చిన తలుపు జానెడు తెరుచుకుంది. చలి నేలమీదుగా వచ్చి నా చీలమండలకు తగిలింది. బయట గాలి లేదు, మంచులో నా అడుగులు తప్ప ఇంకో అడుగు లేదు.

లెవీ మామయ్య తల తిప్పలేదు. "నీకూ వినపడిందా?" అన్నాడు.

దాచడమెందుకు, చచ్చేంత భయపడ్డాను. "వచ్చేవాడివి వచ్చి తలుపేసుకో! చలి!" అని గుమ్మం మీద అరిచి, నేనే లేచి తలుపు మూశాను. ఆ తర్వాత ఆగకుండా మాట్లాడాను. నా క్యాబేజీలు మేసిన దుప్పి గురించి, దాన్ని చీపురుతో తరిమిన మా వదిన గురించి. ఏం చెప్పానో నాకే తెలియదు.

రెండుంబావు అయింది.

"ఐదయింది మామయ్యా."

ఆయన కదల్లేదు. "నువ్వు చెప్పు."

"చెప్పానుగా."

"అది కాదు. ఆ మాట చెప్పు. బతికున్న మనిషి నోటితో వినాలి."

చెప్పకపోతే చలికి పోతాడు. చెప్పాక ఏమన్నా అయితే?

"వెలిగించు మామయ్యా," అన్నాను.

నాబ్ పైలట్ గుర్తు దగ్గరికి తిప్పి, నొక్కిపట్టి, నిప్పురవ్వ బటన్ కొట్టాడు. మూడో టక్కుకి నీలిమంట లేచింది. వదిలేస్తే ఆరిపోతుందని రెండు చేతులతో నిమిషం పాటు నాబ్ అలాగే నొక్కి ఉంచాడు. మెల్లగా వదిలాడు. మంట నిలబడింది. నాబ్ ఇంకాస్త తిప్పగానే పెద్ద మంట భగ్గున అంటుకుంది.

ఆయన నా వైపు చూడలేదు. వెనకున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

"చూశావట్రా ఎఫ్రయిమ్? ఐదు నిమిషాలే. అంతే ఆగాల్సింది," అన్నాడు. ఆ మీదట ఆయన ఏడుపు ఆపడం నా వల్ల కాలేదు. ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని, రోడ్డు పనికి పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా రుద్దుతూ కూర్చున్నాను.