జెల్ఫా అత్త, రెండో మంచు

మా జెల్ఫా అత్త మంచు ఐస్‌క్రీం అంటే మా ఊరంతా చెవి కోసుకునేది. దాన్ని ఒక్కరూ తిన్న పాపాన పోలేదు, అది వేరే సంగతి. చర్చి ఆడవాళ్లు వంటల పుస్తకం అచ్చేసినప్పుడు మొదటి పేజీలో అత్త వంటకమే వేశారు, అప్పుడే పడ్డ మంచులో పాలూ చక్కెరా కలిపి చేసేది. అందులో మొదటి మాట, "రెండో మంచు పడేదాకా ఆగండి" అని.

గొడవంతా అక్కడే ఉంది. అమెరికాలోని ఉత్తర జార్జియాలో, మా కొండల కింద, చలికాలానికి ఒక్కసారి మంచు పడితే గొప్ప. కొన్నేళ్లు ఆ ఒక్కసారీ పడదు. మొదటి మంచు ఆకాశంలోని మురికినంతా కడుక్కుంటూ దిగుతుంది కాబట్టి దాన్ని తినకూడదనీ, రెండోదే శుభ్రమనీ మా నాయనమ్మ చెప్పిందట. నాయనమ్మ ఇంకా చాలా చెప్పింది. కొత్త సంవత్సరం రోజున బట్టలు ఉతకొద్దంది, ఇంట్లో గొడుగు విప్పొద్దంది. అవన్నీ ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం అత్త నెత్తిన పెట్టుకుంది.

రెండో మంచు అసలే పడలేదని కాదు. ఒక ఏడు అర్ధరాత్రి పడి, అత్త లేచేసరికి వానకు కరిగిపోయింది. ఇంకో ఏడు వడగళ్లతో కలిసి పడింది. అత్త వాకిట్లో నిలబడి, అరచేయి చాపి, కాసేపు చూసి, "ఇది మంచు కాదు, వడగళ్లే" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది. మరో ఏడు ఆదివారం పడింది. ఆదివారం గిన్నెలో గరిటె తిప్పడం పని కిందికే వస్తుంది, కాబట్టి అదీ పోయింది.

ఆవిడ అలా ఎందుకు తయారైందో తెలుసుకోవాలంటే మేజోళ్ల మిల్లులో ఆవిడ పని చూడాలి. పెళ్లి చేసుకోలేదు. పదిహేనేళ్లప్పుడు మిల్లులో చేరింది, జుట్టు నెరిసేదాకా తనిఖీ బల్ల దగ్గరే నిలబడింది. ప్రతి మేజోడులో చేయి దూర్చి, వేళ్లు విప్పి, దీపం కింద తిప్పి చూసేది. ఒక్క పోగు జారినా పక్కన పారేసేది. అలా పారేసినవే మా ఇంటికొచ్చేవి. నా చిన్నతనమంతా ఒక కాలికి బిగుతు, ఒక కాలికి వదులు. అమెరికా మొత్తం సరైన మేజోళ్లు తొడుక్కుంటే అది మా అత్త చలవ, నా కాళ్ల ఖర్మ.

డిసెంబరు వచ్చిందంటే ఎనామిల్ బేసిను తోమి గోడకు తగిలించేది. వెనీలా సీసా, పాల డబ్బాలు, చక్కెర డబ్బా బల్ల మీద వరసగా పెట్టేది. ఏప్రిల్లో పాల డబ్బాలు విప్పి పిల్లులకు పోసేది. మా వీధి పిల్లులు అంత బలిసి ఉండేవంటే అందుకే.

మంచు పడిన రోజున అందరూ ఆవిడకే ఫోను చేసేవారు. మా వీధి మొత్తానికీ, పైన కొండకీ కలిపి ఒకటే లైను. ఎవరింట్లో గంట మోగినా అందరూ ఎత్తి చెవి ఒగ్గేవాళ్లే.

"జెల్ఫా, తినొచ్చా?"

"మొదటిది. వద్దు."

"సరేనమ్మా" అని పెట్టేసి, పరదాలు లాగేసుకుని తినేవాళ్లు. అత్తకు తప్ప అందరికీ తెలుసు.

ఇక అసలు విషయానికొస్తాను. వెర్లన్ పెదనాన్న అత్తకు పెద్దన్న, అయిదుగురిలో మొదటివాడు. మా నాన్నతో సహా మధ్యవాళ్లంతా పోయి, వీళ్లిద్దరే మిగిలారు. నూలు మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి పెదనాన్న ఊపిరితిత్తులు పాడైపోయాయి. పెద్దమ్మ పోయాక అత్త దగ్గరే ఉండేవాడు. ఆ ఏడు క్రిస్మస్ వెళ్లాక డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఫిబ్రవరి చూడడమ్మా" అని చెప్పాడు. ఆ మాట గోడ అవతలున్న అత్తకూ వినపడింది. పెదనాన్నకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రమే ఆయన అడిగాడు. "జెల్ఫీ, మంచు పడితే నాకో గిన్నెడు ఐస్‌క్రీం చేసి పెట్టవే. అమ్మ చేసినట్టు. అదొక్కటే కోరిక."

"రెండోది పడగానే చేస్తా అన్నయ్యా" అంది అత్త. నాకు ఒళ్లు మండిపోయింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం మంచు మొదలైంది. మంచి మంచు, పొడిగా, ఈకల్లాగా. నేను పొయ్యి మీదున్నది దించేసి అత్త ఇంటికి పరుగెత్తాను. పెదనాన్న కిటికీ దగ్గర కుర్చీలో, మెడలో తువ్వాలు కట్టుకుని, చెంచా పట్టుకుని కూర్చున్నాడు. అత్త వంటింట్లో ఖాళీ బేసిను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యవేం అత్తా?"

"మొదటిది."

"రెండోది పడేదాకా ఆయన ఉండొద్దా!"

"ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా నెల్డా? అసలే ఊపిరాడక అల్లాడుతున్నాడు. నా చేత్తో మురికి తినిపించి చంపమంటావా?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఉన్నట్టుండి లేచింది. "నవంబర్లో పాస్టరుగారు మంచు చూశానన్నారు కదూ! అది లెక్కకొస్తే ఇది రెండోదే!" ఫోను దగ్గరకు పరుగెత్తింది. నేనూ పక్కనే చేరి చెవి ఒగ్గాను.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "చూసిన మాట నిజమే జెల్ఫా. కారు మీద మూడు తునకలు. కానీ ఆ రోజు మిల్లు వెనక దూది చెత్త తగలబెడుతున్నారు. అవి బూడిదేమో, ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను."

"అది మంచే!" అని లైన్లోకి ఇంకో గొంతు దూరింది, అడక్కుండానే. ఎదురింటి ఐవా స్టాన్సిల్. "నా ముక్కు మీద పడి కరిగింది!"

"నీకు నవంబరంతా జలుబేగా" అన్నాడు కొండ మీద మేకలు పెంచే హోబర్ట్. "నీ ముక్కు మీద తడి సాక్ష్యానికి పనికిరాదు."

"నువ్వు పెట్టెయ్యి హోబర్ట్, నిన్నెవరడిగారు!"

"నిన్నెవరడిగారమ్మా!"

వాళ్లిద్దరూ అలా కొట్టుకుంటుండగా ఐవా కెవ్వుమంది. "ఆగింది! జెల్ఫా, బయట చూడు, ఆగిపోయింది!"

నిజంగానే ఆగింది. వాకిలంతా తెల్లగా, గాల్లో ఏమీ లేకుండా ఉంది. మేం కిటికీకి ముక్కులు ఆనించి చూస్తుండగానే మళ్లీ మొదలైంది. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆగి మొదలైందంటే ఇది వేరే మంచే కదే?"

"వేరేదే అత్తా. కళ్లారా చూశాంగా."

బీరువాలోంచి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి లాక్కొచ్చి, వాకిట్లో మొదటి మంచు మీద పరిచింది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టింది. రెండో మంచు దుప్పటి మీద పడుతుంది, కిందది కిందే ఉంటుంది. పిల్లులు వచ్చి చుట్టూ కూర్చున్నాయి. పెదనాన్న కిటికీలోంచి చూసి చెంచా ఊపాడు. ఈ దెబ్బతో పని అయిపోయిందనుకున్నాను.

మళ్లీ ఫోను మోగింది. హోబర్ట్.

"జెల్ఫా, ఉన్నమాట చెప్తున్నా, ఏమీ అనుకోకు. మా దొడ్లో మంచు ఆగలేదు."

"నీ దొడ్డి కొండ మీదుంది కదయ్యా" అని నేను ఫోను లాక్కుని అరిచాను. "అక్కడి మంచు వేరు!"

"ఆకాశం ఒకటే కదా పిల్లా."

మేకల వెధవ. అత్త మొహం పాలిపోయింది. ఫోను తీసుకుని పాస్టరుగార్ని అడిగింది, ఎంతసేపు ఆగితే ఆగినట్టు లెక్క అని.

"బైబిల్లో దీని గురించి ఏమీ లేదు జెల్ఫా" అన్నారాయన, చాలా బాధగా.

అత్త వాకిట్లోకి వెళ్లింది. దుప్పటి పక్కన వంగి, దాని అంచు కింద చేయి దూర్చి, వేళ్లు విప్పి, పైనున్న మంచును అటూ ఇటూ చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపు తర్వాత ఏ మేజోడూ దుకాణానికి వెళ్లలేదు. ఇటుకలు తీసేసి, దుప్పటి దులిపి, మడత పెట్టుకుని లోపలికొచ్చింది.

"అన్నయ్యా, ఇది కూడా మొదటిదేరా. నేనేం చెయ్యను? చెప్పు, నన్నేం చెయ్యమంటావు?" అని ఆయన కుర్చీ పక్కన కూలబడి ఏడ్చింది.

పెదనాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. నేను వీపు రాశాను. ఊపిరి అందాక చెంచాతో అత్త నెత్తి మీద మెల్లగా తట్టాడు.

"పిచ్చిమొహమా. అమ్మ నాకు చేసి పెట్టింది మొదటి మంచుతోనే. అప్పటికి నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు."

"అమ్మ అలా చెయ్యదు."

"చేసింది. తర్వాత నాన్న పోయాడు, ఆవును అమ్మేశాం. మళ్లీ మంచు పడినప్పుడు ఇంట్లో పాలూ లేవు, డబ్బాలో చక్కెరా లేదు. మేమంతా కిటికీకి అతుక్కుపోయాం. నెల్డా, మీ నాన్నయితే గిన్నె కూడా తెచ్చుకుని నిలబడ్డాడు. అమ్మ ఆ గిన్నె వంక చూసింది. 'ఇది మొదటి మంచురా, మురికిది, తినకూడదు, రెండోది పడ్డాక చేస్తా' అంది. అప్పటికప్పుడు పుట్టించింది ఆ మాట. ఇక్కడ రెండోది పడదని ఆవిడకి తెలీదంటావా?"

మా నాన్న గిన్నె సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

"మరి చెప్పవేం?" అంది అత్త. "ఇన్నేళ్లూ నోరు విప్పవేం?"

"చిన్నవాళ్లకి చెప్పనని అమ్మకి మాటిచ్చాను. ఆవిడ పోయాక చెబ్దామంటే, నువ్వు ఆ మాటని అంత ప్రేమగా పట్టుకుని కూర్చున్నావు. లాక్కోవడానికి చేతులు రాలేదే."

అత్త ఒంటికాలి మీద లేచింది. "నా నోరు కట్టుకున్నాను సరే, ఊరందరి నోళ్లూ కట్టించాను కదరా!"

"ఎవరు కట్టించుకున్నారు? అందరూ తింటూనే ఉన్నారు."

అత్త నా వైపు తిరిగింది. నేను పొయ్యి వైపు తిరిగాను.

"నువ్వు కూడానా?"

"కోళ్ల గూట్లో కూర్చుని తినేదాన్ని అత్తా."

అత్త కోటు కూడా వేసుకోకుండా బేసిను పట్టుకుని బయటికి పోయి, వాకిట్లోని మొదటి మంచునే చేతులతో ఎత్తి నింపుకొచ్చింది. పాల డబ్బా విప్పి మొత్తం ఒక్కసారే కుమ్మరించింది. మంచంతా కరిగి నీళ్ల పాలైంది.

"కొంచెం కొంచెంగా పొయ్యాలని పుస్తకంలో నువ్వేగా రాయించావు!" అన్నాను.

"రాయించడానికేం, నేనెప్పుడైనా చేశానా?" అని కసిరి, ఆ నీళ్లు పిల్లులకు పోసి మళ్లీ వెళ్లింది.

రెండోసారి కుదిరింది. పాలు, చక్కెర, వెనీలా, చిటికెడు ఉప్పు. పెదనాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అత్త ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది, చేతులు ఆప్రానులో చుట్టుకుని.

"చక్కెర తక్కువైంది" అన్నాడు.

అత్త డబ్బా తెచ్చి ఆయన గిన్నె మీద బోర్లించింది. గిన్నెలో సగం, తువ్వాలు మీద సగం పడింది. ఆయన తువ్వాలు మీది చక్కెరను కూడా వేలితో అద్దుకుని తిన్నాడు. తర్వాత అత్త ఒక చెంచా తీసుకుంది, నిలబడే. ఇంకోటి తీసుకుంది. "నుదురు పట్టేసిందే" అని తల పట్టుకుని కూర్చుని, మూడోది తిన్నది.

ఆ చలికాలం మళ్లీ మంచు పడలేదు. నెలాఖరుకు పెదనాన్న పోయాడు. అది తర్వాతి మాట. ఆ సాయంత్రం ఆయన గిన్నె అడుగు గీకుతుండగా ఫోను మోగింది. అత్త ఎత్తింది. లైను నిండా ఊపిరి చప్పుళ్లే, వీధంతా వింటోంది.

"తేల్చావా జెల్ఫా?" అంది ఐవా. "తినొచ్చా?"

అత్త పెదనాన్న వైపు చూసింది. బల్ల మీద బోర్లా పడున్న చక్కెర డబ్బా వైపు చూసింది.

"తినండి" అంది. "ఎవరింట్లోనైనా చక్కెర లేకపోతే పిల్లలకి అబద్ధాలు చెప్పకండి. గిన్నెలిచ్చి మా ఇంటికి పంపండి."

హోబర్ట్ గొంతు వినపడింది, ఎప్పుడూ లేనంత మెత్తగా.

"మా ఇంట్లో చక్కెర ఉంది జెల్ఫా. అయినా గిన్నె పట్టుకుని రావొచ్చా?"

"రా" అంది అత్త.