సత్తిబాబు లారీకి నట్టు క్యాపులు

చోడవరంలో మాడుగుల రోడ్డు పక్క సందులో అప్పలనరసమ్మ పేరు తెలియని ఆడవాళ్లు లేరు. చీరకి ఫాల్ కుట్టించాలన్నా, జాకెట్టు ఏ రంగులో తీసుకోవాలో తేలకపోయినా ఆమె గుమ్మమే ఎక్కుతారు. చీర మడత విప్పీ విప్పకముందే ఆమె చెప్పేస్తుంది. "దీనికి పసుపు వొద్దు, ఇటిక రంగు తెచ్చుకో" అంటుంది. అలా తెచ్చుకున్నవాళ్లు మళ్లీ మార్చుకుంటామని వచ్చింది లేదు. చీడికాడ పక్క పల్లెలో పుట్టి, పెళ్లయి ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె మిషను ఆగలేదు, రంగు విషయంలో ఆమె తడబడిందీ లేదు.

అలాంటి మనిషి ఒక లారీ చక్రాల ముందు నిలబడి నీళ్లు నమలాల్సి వచ్చింది.

లారీ ఆమె భర్త సత్తిబాబుది. క్లీనరుగా చేరి, డ్రైవరై, ఎవరో వాడుకుని అమ్మేసిన బండిని సొంతం చేసుకున్నాడు. ఆకుపచ్చ క్యాబిను, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత మోడలు. కోతల కాలంలో చుట్టుపక్కల పొలాల నుంచి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు, మిగతా రోజుల్లో ఇటుకో ఇసకో ఏది దొరికితే అది. బండి సంగతుల్లో అప్పలనరసమ్మ వేలు పెట్టేది కాదు. దసరాకి చక్రాలు కడిగి పసుపు రాసి, కింద నిమ్మకాయలు పెట్టి, ముక్కుకి బొట్టు పెట్టి, దండ వేయడం వరకే ఆమె వంతు. హారను ఎలా మోగాలి, వెనక తలుపు మీద ఏ బొమ్మ వేయించాలి, అద్దానికి ఏ కుచ్చులు వేలాడాలి అన్నవన్నీ ఆయన ఇష్టం. "నా మిషను జోలికి ఆయన రాడు, ఆయన బండి జోలికి నాను పోను" అనేది.

ఆ వేసవిలో సత్తిబాబుకి పక్షవాతం వచ్చింది. విశాఖ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కాలు కుదుటపడింది. కుడిచెయ్యి కాస్త బిగుసుకుపోయింది. మాట పోయింది. పూర్తిగా పోయిందనడానికీ లేదు, ఒకే ఒక్కటి మిగిలింది.

"ఉల్లిపాయ."

మంచినీళ్లు కావాలన్నా ఉల్లిపాయే, ఫ్యాను ఆపమన్నా ఉల్లిపాయే. ఇంటికి వచ్చినవాళ్లని కూర్చోమనడానికీ అదే, పొమ్మనడానికీ అదే. "మనసులో మాట సరిగ్గానే ఉందమ్మా, నోటిదాకా వచ్చేసరికి దారి తప్పుతోంది. ఓపిక పట్టండి, ఒక్కోటీ తిరిగొస్తాయి" అన్నాడు డాక్టరు. లోకంలో ఇన్ని మాటలుండగా ఇదొక్కటే ఎందుకు మిగిలిందో ఆయనా చెప్పలేకపోయాడు. అప్పలనరసమ్మ మొదట్లో ఏడ్చింది. కొన్నాళ్లకి నవ్వింది. తరవాత ఉల్లిపాయల్లో రకాలు పోల్చుకోవడం నేర్చుకుంది. సాగదీస్తే ఆకలి, తుంచేస్తే చిరాకు. అయినా సగానికి సగం పొరపాటే పడేది. నీళ్లిస్తే తలగడ చూపించేవాడు.

లారీ తోలడానికి ఆమె తన తమ్ముడి కొడుకు ప్రేమ్‌కుమార్‌ని పిలిపించింది. కుర్రాడు బుద్ధిమంతుడు, బండంటే ప్రాణం. చెరకు కాలం దగ్గర పడుతుండగా ఒక పొద్దున్న వచ్చి అన్నాడు.

"అత్తా, బండికి నట్టు క్యాపులు కొనాలి."

"క్యాపులేటిరా?"

"సక్రాలకి నట్లుంటాయి గదా, ఆటి మీద తొడిగీవి. మెరుస్తాయి. అరిగిన టైర్లకి కొత్త రబ్బరేయించినప్పుడు పాతవి ఎక్కడో పోనాయి. బోడి సక్రాలతో ఫ్యాక్టరీ యార్డులోకి ఎల్తే అందరూ నవ్వుతారు."

"పాతవి ఎలగుండీవి?"

ప్రేమ్‌కుమార్ బుర్ర గోక్కున్నాడు. వాడు బండి ఎక్కేనాటికే అవి లేవు.

సత్తిబాబుని కూడా ఎక్కించుకుని ముగ్గురూ లారీలోనే అనకాపల్లి వెళ్లారు. బైపాసు పక్కన లారీ సింగారాలు అమ్మే గణపతిరావు కొట్టు ఉంది. అందులో అడుగు పెట్టగానే అప్పలనరసమ్మకి కళ్లు బైర్లు కమ్మాయి. గోడల నిండా కుచ్చులు, అద్దాలు, దిష్టి బొమ్మలు. బల్ల మీద అట్టపెట్టెల నిండా క్యాపులు. బోర్లించిన గిన్నెల్లాంటివి, బాణాల్లా పొడుగ్గా ఉన్నవి, పువ్వు రేకులు చెక్కినవి. స్టీలువి, ప్లాస్టిక్కువి, ఎరుపు, నీలం, చిలకపచ్చ.

"మన బండికి బాణాలు దిట్టంగుంటాయత్తా" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"బజారు ఇరుకు గదరా, ఎవరి కాలికైనా గీసుకుంటేనో?"

"పువ్వులు తీసుకోండమ్మా, కొత్తగా వచ్చినాయి" అన్నాడు గణపతిరావు.

లారీకి పువ్వులేమిటి అనిపించింది ఆమెకి. మళ్లీ, దసరాకి వేసేదీ పువ్వులే కదా అనిపించింది. ఒకటి తీసి చక్రం దగ్గర పెట్టి చూసింది. బాగుంది. ఇంకొకటి పెట్టింది. అదీ బాగుంది. బాగున్నాయో లేదో కూడా తెలియడం లేదని కాసేపటికి అర్థమైంది. చీరైతే కట్టుకునే మనిషి ఎదురుగా ఉంటుంది, ఆమె ఒంటి ఛాయ చూసి చెప్పొచ్చు. ఇక్కడ ఎవరిని చూసి చెప్పాలి? బండినా, తోలే ప్రేమ్‌కుమార్‌నా, తోలలేక స్టూలు మీద కూర్చున్న ఆయన్నా?

"ఏవయ్యా, నీ బండి. నీకేటి కావాలో నువ్వే సూపించు" అంది భర్తతో.

సత్తిబాబు పెట్టెల వైపు చూశాడు, లారీ వైపు చూశాడు.

"ఉల్లిపాయ" అన్నాడు.

గణపతిరావు ముఖం వెలిగిపోయింది. "అదీ మాట! ఆయనకి సరుకు తెలుసు" అంటూ పైఅర నుంచి ఒక పెట్టె దించాడు. అడుగున గుండ్రంగా ఉబ్బి, పైకి పోనుపోను సన్నబడి, కొనకి చిన్న మొన తేలిన స్టీలు క్యాపులు. అచ్చం ఉల్లిపాయలే. "వీటిని మేం ఆ పేరుతోనే అమ్ముతాం."

"ఆయన అన్నిటికీ అలగే అంటాడు బాబూ" అంది అప్పలనరసమ్మ.

"ఈసారి సరిగ్గా అన్నారు గదమ్మా?"

ఆమె భర్త వైపు తిరిగింది. నిజంగానే కోరుకుని అన్నాడేమో. లేక నీళ్లు కావాలన్నాడేమో. ముఖం చూస్తే రెండూ కనిపిస్తున్నాయి. చివరికి అవే తొడిగించింది. బండి తళతళలాడింది. సత్తిబాబు చుట్టూ తిరిగి చూసి, తుంచినట్టు మళ్లీ అదే మాట అన్నాడు.

"మావకి నచ్చినాయి!" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"తుంచేసేడురా, సిరాకేమో" అంది ఆమె.

మర్నాడు తెల్లారి లేచి చూస్తే ముందు చక్రాల క్యాపులన్నీ అరుగు మీద వరసగా ఉన్నాయి. సత్తిబాబు ఎడంచేత్తో పీకేశాడు. వెనక చక్రాలవి ముట్టుకోలేదు. ప్రేమ్‌కుమార్ మళ్లీ తొడిగాడు. ఆ మర్నాడూ అంతే.

ఎందుకు ముందువే తీస్తున్నాడు? బహుశా ఇదివరకు ముందు చక్రాలకి క్యాపులే ఉండేవి కావేమో అనుకుంది ఆమె. గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. ఇన్నేళ్లు ఇంటి ముందు నిలిచిన బండి, పండక్కి తన చేత్తో కడిగిన చక్రాలు. కళ్లు మూసుకుంటే టైరు మట్టి కనిపిస్తోంది, తను పెట్టిన పసుపు కనిపిస్తోంది, నట్ల దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. ఎదురింటి మంగాయమ్మని అడిగితే, "ఎర్రవి ఉండీవి, నాకు బాగా తెలుసు" అంది. మలుపులో టీకొట్టు తవిటయ్య, "ఛ, ఎర్రవెక్కడివి? తెల్లటి గిన్నెలు" అన్నాడు. ఫోనులో నిరుటి దసరా ఫొటో వెతికి తీసింది. ఆమె స్వయంగా వేసిన బంతిపూల దండ నట్ల మీద సరిగ్గా పడి మొత్తం కప్పేసింది.

ఆ రోజు ఆమెకి మిషను మీద కూడా చెయ్యి ఆడలేదు. ఒకావిడ చీర తెచ్చి జాకెట్టు రంగు అడిగితే, "రేపు రా అమ్మా" అంది. అలా అనడం ఆవిడెప్పుడూ వినలేదు.

రెండురోజులు ఆలోచించి, ఆమె బస్సెక్కి ఒంటరిగా అనకాపల్లి వెళ్లింది. దారంతా ఆయనకి ఏది కావాలో అనే ఆలోచిస్తూ కూర్చుంది. కొట్టులో మళ్లీ అవే పెట్టెలు, మళ్లీ అదే కళ్లు తిరగడం. అప్పుడు విసుగొచ్చి, ఇది చీరే అనుకుంటే సరి అనుకుంది. ఆకుపచ్చ చీర. పాతది, ఉతికి ఉతికి కాస్త వెలిసింది. దీనికి అంచు ఏం వెయ్యాలి?

"బాబూ, వంకాయ రంగు ఉన్నాయా?"

గణపతిరావు ఆమె వైపు వింతగా చూశాడు. "ఎవరూ తీసుకోరని మూల పడేశానమ్మా" అని దుమ్ము దులిపి ఒక సంచి ఇచ్చాడు. మెత్తటి ప్లాస్టిక్కువి, బొటనవేలితో నొక్కితే ఎక్కుతాయి, లాగితే వస్తాయి.

ముందు చక్రాలకి వంకాయ రంగువి, వెనక స్టీలు ఉల్లిపాయలు. ప్రేమ్‌కుమార్ చూసి తల పట్టుకున్నాడు. "ఇదేటత్తా, యార్డులో నాను దిగలేను."

"దిగకు, బండిలోనే కూకో" అంది.

సత్తిబాబు ఇవీ తీశాడు. కానీ పీకి అరుగు మీద పెట్టలేదు. ఒక్కొక్కటే లాగి, కింద నట్టుని వేలితో తడిమి, మళ్లీ తొడిగాడు. రోజూ పొద్దున్నే అదే పని. నట్లు బిగిసి ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడని అప్పలనరసమ్మకి తట్టింది. ఎంతకాలానికో ఒక సంగతి తేలిందని ప్రాణం లేచొచ్చింది. ప్రేమ్‌కుమార్ మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "మావకి నా మీద నమ్మకం నేదా?"

ఒకరోజు బండి కదలబోతుంటే సత్తిబాబు అడ్డం నిలబడి, ముందు చక్రాన్ని చూపిస్తూ "ఉల్లిపాయ! ఉల్లిపాయ!" అని అరిచాడు. నట్టు వదులైందేమో చూడమని ఆమె మేనల్లుడిని కేకేసింది. ప్రేమ్‌కుమార్ పానా తెచ్చి, క్యాపులన్నీ తీసి, బలమంతా పెట్టి తిప్పి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. గాలి సరిగ్గా ఉంది, రబ్బరు సరిగ్గా ఉంది. సత్తిబాబు ఇంకా చూపిస్తూనే ఉన్నాడు. ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. కాసేపటికి తనే పక్కకి తప్పుకున్నాడు. నట్ల గురించే అనుకున్నది కూడా తప్పేనా అని అప్పలనరసమ్మ సాయంత్రం దాకా సతమతమైంది. సాయంత్రం బండి క్షేమంగా వచ్చింది. రేపటి నుంచి మావతో పాటు నువ్వూ ఒకసారి చుట్టూ చూసి కదలమని మేనల్లుడికి చెప్పింది. వాడు గొణిగాడు గానీ చూశాడు.

ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు ఊపందుకున్నాక ఒకనాడు సత్తిబాబు పొద్దున్నే చొక్కా వేసుకుని క్యాబిను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కూడా ఎక్కింది. గోవాడ యార్డులో చెరకు బళ్లు బారులు తీరి ఉన్నాయి, గాలి నిండా బెల్లం వాసన. వరసలో వెనకున్న లారీ డ్రైవరు దిగి వచ్చి ముందు చక్రం దగ్గర వంగి చూశాడు. ప్రేమ్‌కుమార్ సిగ్గుతో స్టీరింగు మీదకి తల వాల్చాడు.

"ఈ రంగు ఎక్కడా సూడ్నేదమ్మా. ఆకుపచ్చకి భలే కుదిరింది. ఎవరు ఎంచేరు?"

ఆయనే అని చెప్పబోయి అప్పలనరసమ్మ ఆగింది. "నానే తెచ్చేను" అంది.

"కాదు" అన్నాడు పక్కనుంచి సత్తిబాబు.

ప్రేమ్‌కుమార్ తల ఎత్తాడు. అప్పలనరసమ్మ భర్త చెయ్యి పట్టేసుకుంది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏటన్నావు? మళ్లీ అను! కాదా? ఏటి కాదు? నాను ఎంచనేదంటావా? రంగు బాగోనేదా? సెప్పవయ్యా, ఏటి కాదు?"

సత్తిబాబు తాపీగా ఆమె వైపు చూశాడు. ఎంతో ఆలోచించి చెబుతున్నట్టు పెదవులు కూడదీసుకున్నాడు.

"ఉల్లిపాయ" అన్నాడు.

ఆమె నవ్వుతూనే ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. వరసలో ముందున్న బండి కదిలింది. ప్రేమ్‌కుమార్ గేరు వేశాడు. ఫ్యాక్టరీ గేటు దాకా ఆమె ఏది కాదన్నాడో ఆలోచిస్తూ, ఆయన చెయ్యి వదలకుండా కూర్చుంది.