యోసేపుకి ఒక్క మాట

ఆయన ప్లంబరు. వీధిలో మాత్రం అందరూ యోసేపు అంటారు, ఎందుకంటే ప్రతి క్రిస్మస్‌కీ చర్చి నాటకంలో, యేసుని పెంచిన తండ్రిగా, ఆ వేషం ఆయనదే. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, యోసేపు వడ్రంగి కదా అని జనం ఆయన దగ్గరికి కాళ్లు విరిగిన కుర్చీలు పట్టుకొస్తారు. "నేను పైపుల మనిషిని కదండీ" అంటే, "ఏదో ఒకటి చెయ్యవయ్యా యోసేపూ" అని కుర్చీ గుమ్మంలో దించేసి పోతారు. కాదనడం చేతకాక నాలుగు మేకులు కొట్టి ఇస్తాడు. ఆ కుర్చీలు మళ్లీ విరుగుతాయి, మళ్లీ ఆయన దగ్గరికే వస్తాయి.

ఆయనలో గొప్ప నటుడు కనిపించి వేషం ఇచ్చారనుకునేరు. అదేం లేదు. యోసేపుకి మాటల్లేవు. నాటకంలోనే కాదు, లేఖనంలోనూ లేవు. ఎంత వెతికినా ఆయన నోరు విప్పి ఫలానా మాట అన్నాడని ఎక్కడా రాయలేదు. కలలో దూత లెమ్మంటే లేచాడు, వెళ్లమంటే వెళ్లాడు, తిరిగి రమ్మంటే వచ్చాడు. ఎవరింట్లోనో పైపు పగిలిందని వేళకాని వేళ కబురొస్తే మన ప్లంబరు చేసేదీ అంతే. బిడ్డ కాస్త పెద్దయ్యాక దేవాలయంలో ఉండిపోతే తల్లితో పాటు కంగారుపడి వెతికాడు. ఆ తరవాత కథలోంచి తప్పుకున్నాడు. ఎప్పుడు పోయాడో రాసిపెట్టిన నాథుడు లేడు. పాస్టరు గారు క్రిస్మస్ ముందు వారాల్లో మరియమ్మ మీద, కాపరుల మీద, జ్ఞానుల మీద, ఆఖరికి పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు మీద కూడా ప్రసంగం చేస్తారు. ఒక ఏడు గాడిద మీద కూడా చేశారు. ఆ గాడిద లేఖనంలో లేనే లేదు. యోసేపు వంతు మాత్రం ఇంతవరకు రాలేదు.

సరే, నోట్లో నాలుక లేని మనిషి కావాలి, ప్లంబరు ఉన్నాడు. ఒంటికో దుప్పటి చుట్టి, చేతికో కర్ర ఇచ్చి, బాలయేసు బొమ్మని పడుకోబెట్టిన పశువుల తొట్టి పక్కన నిలబెట్టారు. నిలబడ్డాడు.

నోరు ఎంత మందమో ఆయన చెవులు అంత చురుకు. గోడ లోపల పైపు బొట్టు బొట్టుగా కారుతున్నా పక్కగదిలోంచి పసిగట్టేస్తాడు. "ఇక్కడ" అని గోడ మీద వేలు పెడతాడు. పగలగొట్టి చూస్తే అక్కడే ఉంటుంది.

ఆయన పెళ్లి కూడా ఒక కుళాయి పుణ్యమే. ఆసుపత్రి లాండ్రీలో బట్టలుతికే ఒకావిడ, భర్త పోయి చిన్నపాపతో ఉండేది. వంటింటి కుళాయి ఆగడం లేదని కబురు పెడితే వెళ్లాడు. పాప కుళాయి కింద బకెట్లో రెండు చేతులూ ముంచుకుని కూర్చుంది. "చిట్టీ, మామయ్య వచ్చాడు, జరుగు" అంది తల్లి. కొత్తగా ఇంటికొచ్చిన మగవాణ్ని పిల్లలకి ఇంకేమని చెబుతాం. పాప జరిగింది, కుళాయి ఆగింది. అయినా వాషరు ఎలా ఉందో చూసిపోదామని ఆయన మళ్లీ మళ్లీ వచ్చాడు. ఏడాది తిరక్కుండా ఇద్దరికీ పెళ్లయింది.

పాప మాత్రం మామయ్య అనడం మానలేదు. మామయ్య అంటే అమ్మకి అన్నో తమ్ముడో అవ్వాలి. అమ్మ మొగుణ్ని పట్టుకుని మామయ్యా అంటుంటే పక్కింటివాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. తల్లి దిద్దబోతే, "దాని ఇష్టం, వదిలెయ్" అన్నాడీయన. అలా అన్నందుకు తరవాత ఎంత నాలుక కరుచుకున్నాడో ఆయనకే తెలుసు. నాన్నా అని ఒక్కసారి పిలిపించుకోవాలని ఆయనకి మహా ఆశ. అడిగి పిలిపించుకుంటే అది పిలుపే కాదని పంతం. ఆశా పంతమూ ఒకే మనిషిలో కాపురం పెడితే ఏమవుతుందో అదే అయింది. "మామయ్యా, భోజనానికి రండి." "మామయ్యా, మీకు ఫోను." ఏళ్లకేళ్లు ఇంటికొచ్చిన చుట్టానికి చేసినట్టే మర్యాద. కన్నతండ్రికి ఏ కూతురైనా ఇంత మర్యాద ఇస్తుందా?

ఆ పిల్లకి ఆయన చేసిన అపకారం ఒక్కటే, బడిలో చేర్పించడం. ఆ రోజు తల్లికి సెలవు దొరకలేదు. అమ్మమ్మ ఏరికోరి ఎంచిన పొడుగాటి పేరొకటి ఉందని ఈయనకి ఎవరూ చెప్పలేదు. బల్ల వెనక గుమాస్తా తల ఎత్తకుండానే, "బిడ్డ పేరేంటయ్యా?" అన్నాడు. గట్టిగా ఎవరైనా అడిగితే తెలిసినవి కూడా మరిచిపోయే రకం మన ప్లంబరు. ఇక్కడ తెలిసిందే ఒకటి. "చిట్టి" అన్నాడు. గుమాస్తా ఎక్కించేశాడు. అంతే, ఆ పిల్ల బడిలో చిట్టి, కాలేజీలో చిట్టి, ఇప్పుడు పనిచేస్తున్న కళ్లద్దాల షాపులో జేబు మీది బిళ్ల మీదా చిట్టే. "పళ్లూడిపోయాక కూడా చిట్టినేనా మామయ్యా?" అని ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన తల గోక్కుంటాడు.

ఏటా నాటకం ఆడించే పాస్టరమ్మ గారికి ఈ ఏడు మోకాళ్లు పట్టేశాయి. నాటకం చిట్టి నెత్తిన పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారే ఇంటికొచ్చారు.

"వేదిక ఇరుకమ్మా. అందరికీ తమ పిల్లలు దేవదూతలే కావాలి. ఈసారికి యోసేపుని తీసేద్దాం. ఎలాగూ మాటల్లేవు కదా."

యోసేపు ఆ గదిలోనే ఉన్నాడు. పాస్టరు గారి చేతికి టీ అందించింది ఆయనే. "అలాగేనండి" అని వంటింట్లోకి పోయి, శుభ్రంగా పనిచేస్తున్న సింకు విప్పడం మొదలుపెట్టాడు. ఏడాదికి ఒక్క సాయంత్రం, పదిమంది చూస్తుండగా ఒక బిడ్డ పక్కన తండ్రిగా నిలబడేవాడు. అదీ పోయింది. ఏడుపొచ్చింది. సింకు కింద తల దూర్చిన ప్లంబర్ని ఎవరూ పలకరించరు, అదొక్కటే నయం.

ముందుగదిలో చిట్టి గొంతు వినబడింది. "మరి పేరెవరు పెడతారండీ?"

"ఎవరికి?"

"బిడ్డకి. పేరు పెట్టమని దూత యోసేపుకే కదండీ చెప్పింది? పెట్టింది కూడా ఆయనే కదా."

పాస్టరు గారు పుస్తకం తీశారు. కళ్లద్దాలు సర్దుకున్నారు, అవి చిట్టి అమ్మినవే. చదివి, "ఉంది" అన్నారు.

"పేరు పెట్టాడంటే నోటితోనే కదండీ పెడతాడు. అంటే ఒక మాట అన్నట్టే."

"తీసేద్దామంటే, పైపెచ్చు మాటలు కూడా పెడతానంటావేమిటమ్మా?"

"ఒక్కటేనండీ."

దేవదూతల్లో ఇద్దరికి కోత పడింది. వాళ్ల తల్లులు చిట్టితో మాట్లాడటం మానేశారు. సత్రం యజమాని వచ్చి బిడ్డ పేరు అడగాలి, యోసేపు "యేసు" అనాలి. అంతే.

ప్లంబరుకి నిద్ర పట్టలేదు. ఎక్కడ పనికి వెళ్లినా సింకుల కింద దూరి అదే మాట వల్లె వేసేవాడు. "యేసు" అని వినబడగానే ఆ ఇంటివాళ్లు "వేలు నలిగిందా?" అంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు.

నాటకం రోజు చర్చి నిండిపోయింది. చిట్టి తెర వెనక నిలబడింది, ఎవరైనా మాట మరిచిపోతే అందించడానికి. కాపరులు వచ్చారు, జ్ఞానులు గడ్డాలు ఊడిపోకుండా పట్టుకుని వచ్చారు. సత్రం యజమాని వేషంలో కిరాణా కొట్టాయన వచ్చాడు. కొట్లో బాకీ అడిగే గొంతుతోనే, "బిడ్డ పేరేంటయ్యా?" అన్నాడు.

సరిగ్గా ఆ మాటే. ఆ గుమాస్తా మాటే.

యోసేపు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తొట్టిలో బొమ్మని చూశాడు, జనాన్ని చూశాడు. ఆఖరికి వెనక బెంచీలదాకా వినబడేలా, స్పష్టంగా అన్నాడు.

"చిట్టి."

చర్చి అంతా గొల్లున నవ్వింది. ఒక జ్ఞాని గడ్డం ఊడిపోయింది. పాస్టరు గారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ముందు బెంచీలో ప్లంబరు భార్య తల వంచేసుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

తెర వెనక నుంచి విసుగ్గా, గాభరాగా ఒక గుసగుస వచ్చింది.

"అబ్బా, నాన్నా. యేసు అను."

మామయ్యా లేదు, అనండీ లేదు. అన్న పిల్లకి తానేమన్నదీ తెలిసినట్టు లేదు. తొట్టి దగ్గర మనిషికి తెలిసింది. జనాన్నీ, జ్ఞానుల్నీ, కిరాణా కొట్టాయన్నీ వదిలేసి తెర వైపు తిరిగాడు. గోడ లోపల బొట్టు కారితే పక్కగదిలోంచి పసిగట్టే మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, కాస్త ముందుకి వంగాడు.

"ఆఁ?" అన్నాడు.

"యేసు, నాన్నా. యేసు అను."

అప్పుడు యోసేపు బిడ్డ వైపు తిరిగి పేరు పెట్టాడు.