వంకాయ రంగు బూట్లు

నలభై దాటేదాకా నా కాళ్ళకి బూట్లంటే తెలియదు. మాది నౌపడ వైపు. ఉప్పుమళ్ళలోకి చెప్పులేసుకుని ఎవరూ దిగరు. మా ఇళ్ళలో చెప్పులంటే ఆదివారం గుడికి వేసుకెళ్ళేవి, గుడి గుమ్మం ముందు విప్పేసేవి. మాది బాప్టిస్టు గుడి, లోపల చాపల మీద కూర్చోవాలి. అలాంటి చోట పెరిగినదాన్ని, విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌నై, నాలుగు గోడల మధ్య నడవడానికి బూట్లు కొనుక్కోవలసి వచ్చింది. మా అమ్మ ఉంటే పడీ పడీ నవ్వేది.

డాక్టరు షుగరు గీత దగ్గరికొచ్చిందన్నాడు, రోజూ నడవమన్నాడు. సరే, నడిచాను. పొద్దున్నే వీధిలోకి దిగితే ఒక పక్క కుక్కలు, ఒక పక్క మనుషులు. కుక్కలు నయం, అరిచి ఊరుకుంటాయి. మనుషులు మాత్రం "ఏటి మేడం గారూ, ఒక్కలేనా?" అంటారు. పాలు పోసేవాడూ అదే, ఇస్త్రీ బండి ఆమే అదే. ఒక్కదాన్నే! కళ్ళు కనబడటం లేదా? పెళ్ళి చేసుకోలేదు, తమ్ముళ్ళు వాళ్ళ సంసారాల్లో వాళ్ళున్నారు, మేడ మీద అద్దె వాటాలో నేనూ, నా రేడియో. ఎందుకు చేసుకోలేదన్నది వేరే కథ, అది మీకు చెప్పను. కాలేజీలో రోజంతా మాట్లాడేది నేనే, నాతో మాట్లాడేవాళ్ళే లేరు. గుడిలో "వందనాలండీ" అంటారు, నేనూ "వందనాలు" అంటాను, అయిపోయింది. ఇంటికొచ్చి తాళం తీస్తే గది గదిలాగే ఉంటుంది. చెడ్డ విసుగ్గా ఉండేది. విసుగని పేరు పెట్టుకున్నాను గానీ, అది దిగులే.

అందుకని వీధి మానేసి జిమ్‌లో చేరాను. మందుల షాపు పైన మేడ మీద ఉండేది. సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకి. నేర్పే అమ్మాయి మొదటిరోజే నా చెప్పుల వంక చూసి, "ఈదిలో ఏసినవి లోపలికి తేకూడదు మేడం. లోపలికి ఏరే బూట్లు కొనుక్కోండి. తేలిగ్గా ఉండాల, ముందుకి వొంగాల, మడం కాడ పట్టుకోవాల" అంది. పాఠం అర్థమైన పిల్లలాగా తలూపాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

బజారుకి ఒక్కదాన్నే వెళ్ళాను. కొట్టతను "బాబుకా, పాపకా?" అన్నాడు. "నాకే" అన్నాను. అతను నా వెనక్కి చూశాడు, నాతో ఇంకెవరో వచ్చి ఉంటారని. మా వైపు బూట్లయినా చీరయినా ఒక్కళ్ళే వెళ్ళి కొనరు. "బాగుందా?" అని అడగడానికి పక్కనొకరుండాలి, "ఏం బాగుంది, నీ మొహం" అని అనడానికైనా ఉండాలి. ఆ నిమిషంలో నాకు అతని మీద ఒళ్ళు మండిపోయింది. అతనేం చేశాడు పాపం? తొందరగా బయటపడదామని కనిపించిన నల్ల జత చూపించమన్నాను. అడుగున ఇంత మందం, పదికాలాలు మన్నుతాయి అనుకున్నాను. సైజు దగ్గర మాత్రం మా అమ్మ బుద్ధి పోనిచ్చుకోలేదు. చిన్నప్పుడు మాకు ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొనేది, ముందు వేళ్ళ దగ్గర దూది కూరేది, కాలు పెరిగేకొద్దీ దూది తీసేసేది. కాళ్ళు పెరగడం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేని మనిషిని నేను. అయినా ఒక సైజు పెద్దదే కొన్నాను, ఇంటికెళ్ళి దూది కూరాను.

ట్రెడ్‌మిల్ ఎక్కితే ఆ బూట్లు నా కాళ్ళకన్నా ఒక్క క్షణం ఆలస్యంగా నడిచేవి. టపా టపా చప్పుడు. పక్క ట్రెడ్‌మిల్ మీద చిలకపచ్చ బూట్లేసుకున్న ఒకావిడ పరుగు ఆపి మరీ చూసింది.

"ఓలమ్మ! ఏటి మేడం, ఎవలి బూట్లు ఏసుకొచ్చీసినారు?"

"నావే. అయితే ఏంటి?" అన్నాను. క్లాసులో వెనక బెంచీ వాళ్ళతో మాట్లాడే గొంతుతో.

"కోపం ఎందుకక్కా, పడిపోతారని అడుగుతన్నాను. దూది ఎట్టినారేటి?"

"పెట్టాను."

"మా అమ్మా అలగే ఎట్టేది. అయితే మీ కాళ్ళు ఇంకా పెరుగుతాయనుకున్నారేటి?"

నవ్వాపుకోలేకపోయాను. కింద పడకుండా కడ్డీ పట్టుకుని నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. అలా నవ్వి ఎంత కాలమైందో! ఆవిడ ఒక్క మాటతో మేడాన్ని తీసేసి అక్కను చేసేసింది.

ఆవిడది సాలూరు. భర్తకి లారీలున్నాయి. పిల్లల చదువుల కోసం విజయనగరంలో ఇల్లు తీసుకుని ఉంటోంది. భర్త రాయపూర్ రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు, ఎప్పుడో వచ్చి పోతుంటాడు. మర్నాడే నన్ను కొట్టుకి లాక్కెళ్ళింది. బూట్లు వీధి తొక్కలేదు కాబట్టి అడుగున మట్టి లేదు. కొట్టతను గొణిగాడు గానీ మార్చడానికి ఒప్పుకున్నాడు. ఆవిడ నల్ల బూటు తిరగేసి అతనికే చూపించింది.

"ఈ గళ్ళు సూడు బాబూ, ఘాట్ రోడ్డుకి ఏసే టైరులాగ ఉన్నాది. మా అక్క రబ్బరు పట్టా మీద నడుస్తాది. దానికిదెందుకు? సదునుగా, తేలిగ్గా ఉన్నవి తియ్యి."

తనూ మొదట అలాంటివే కొని మోకాలు నొప్పి తెచ్చుకుందట. ఒక్కొక్క జతా తొడిగించి నన్ను కొట్లో అటూ ఇటూ నడిపించింది. లేసులు కట్టించి మడమ పైకెత్తమంది. వేళ్ళ ముందు బొటనవేలితో నొక్కి చూసి, "ఇంత సోటుండాల, అంతే. దూది అక్కర్నేదు" అంది. నడివయసు మనిషిని, అద్దం ముందు పెళ్ళికూతురిలా నిలబడ్డాను. నేను మళ్ళీ నల్లవే కావాలన్నాను. లెక్చరర్ని కదా, మర్యాద ఉండొద్దూ?

"నల్లవి కాలేజీకి ఏసుకోండి. ఇక్కడ మిమ్మల్ని ఎవలు సూస్తారు, నాను తప్ప?" అని వంకాయ రంగు జత నా చేతిలో పెట్టింది. "బాగున్నాయా?" అని అడిగాను. ఊరికే, ఆ మాట అడగాలనిపించి. "శానా బాగున్నాయక్కా" అంది. బయటికొచ్చి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. జిమ్ బూట్లు కొని బజ్జీలేమిటని నేనంటే, "బూట్లు ఆకలేసి ఉంటాయి" అంది. దాని తలకాయ!

ఆ తర్వాత నా రోజు సాయంత్రం కోసమే మొదలయ్యేది. పక్కపక్కనే నడిచేవాళ్ళం. ఎక్కడికీ వెళ్ళని నడక. ఆ నడకలో అత్తగారి సంగతులు, లారీల సంగతులు, నా తమ్ముళ్ళ సంగతులు అన్నీ దొర్లేవి. పెళ్ళెందుకు చేసుకోలేదో ఆవిడకి చెప్పాను. అది విని ఒక్క సలహా ఇవ్వలేదు. "అలగా" అని, ట్రెడ్‌మిల్ వేగం తగ్గించి నాతో సమంగా నడిచింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నాకు "ఏటి" అనే మాట మళ్ళీ నోట్లోకి వచ్చేసింది, క్లాసులో పిల్లలు కిసుక్కుమన్నారు. బూట్లు మాత్రం అక్కడే, జిమ్ అరలో, ఆవిడ చిలకపచ్చవాటి పక్కన నావి ఉండేవి. ఆ గంట పోతే నాకింకేమీ లేదని నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఒక్కసారి భయపడలేదు చూడండి, అదీ విచిత్రం.

వేసవిలో ఇంటర్ పేపర్లు దిద్దడానికి నన్ను విశాఖపట్నం క్యాంపుకి వెయ్యడంతో రెండు వారాలకు పైగా పోయాయి. తిరిగొచ్చిన సాయంత్రమే జిమ్‌కి పరుగెత్తాను. అరలో నా బూట్ల పక్కన ఖాళీ. నేర్పే అమ్మాయి కూడా మారిపోయింది, పాత అమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోయిందట.

"నా పక్కన నడిచే ఆవిడ రావడం లేదా?" అని కొత్త అమ్మాయిని అడిగాను.

"ఎవలు మేడం? పేరేటి?"

నోరు తెరిచాను. పేరు రాలేదు. మర్చిపోయి కాదు, నాకు తెలియనే తెలియదు. ఆవిడ నన్ను అక్కా అంది, నేను చెల్లీ అన్నాను. మా వైపు వరస కలిశాక పేరు అడిగేదెవరు? అడిగితే పరాయిదాన్ని చేసినట్టుంటుంది. రోజూ కనబడే మనిషి ఫోన్ నంబరు దేనికి? ఇల్లు ఎక్కడంటే "ఆ పక్కనే" అంది, నాదెక్కడంటే "ఈ పక్కనే" అన్నాను. ఆవిడ మోకాలి నొప్పి తెలుసు, ఆవిడ అత్తగారు దాచుకునే పచ్చడి జాడీ తెలుసు. పేరు తెలియదు. ఆ జిమ్‌లో పేర్లు రాసుకునే అలవాటూ లేదు, డబ్బు కడితే రావడం, లేకపోతే మానడం. ఓనరుని అడిగితే "లేడీస్ బ్యాచ్ నాకేటి తెలుస్తాది మేడం" అన్నాడు.

ఒక ఆదివారం గుడి ఎగ్గొట్టి బస్సెక్కి సాలూరు వెళ్ళాను. లారీల ఆయన భార్య, విజయనగరంలో పిల్లల్ని చదివిస్తోంది అని ఒక టీ కొట్టు దగ్గర అడిగాను. "ఏ లారీల ఆయన అమ్మా? ఇక్కడ లారీ నేని ఇల్లేది?" అన్నాడొక ముసలాయన. ఆయన పేరేంటన్నాడు, తెలియదన్నాను. పోనీ ఆవిడ పేరు? అదీ తెలియదన్నాను. "మరి మీకేటవుతాది?" అన్నాడు. "చెల్లెలు" అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నన్ను మతి తప్పినదాన్ని చూసినట్టు చూశారు. చెల్లెలి పేరు తెలియని అక్కని వాళ్ళు మాత్రం ఎక్కడ చూశారు గనక? రోడ్డు పొడవునా వరసగా లారీలు. ఎండలో నిలబడి ఏడవలేక తిరుగు బస్సెక్కాను.

తర్వాత కోపమొచ్చింది. నాకు దుఃఖమెప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. నేను క్యాంపు నుంచి వచ్చేదాకా ఆగలేకపోయిందా? రాయపూర్‌కే కాపురం మార్చేసిందేమో! వెళ్తే వెళ్ళింది, ఎవరికి చెప్పి వెళ్ళాలని? నేనేమవుతానని? పక్క ట్రెడ్‌మిల్ మనిషిని, అంతే. వంకాయ బూట్లు అరలో లోపలికి తోసేశాను. ట్రెడ్‌మిల్ ఎక్కడం మానేసి మూలనున్న సైకిలెక్కాను. అది ఉత్త కాళ్ళతో తొక్కినా ఎవరూ అడగరు, పక్కన ఇంకొకరికి చోటు కూడా ఉండదు. గోడ వైపు తిరిగి తొక్కుకునేదాన్ని. కొత్త అమ్మాయి నన్ను సైకిల్ మేడం అనేది. వర్షాలు మొదలయ్యేదాకా అలాగే గడిచింది.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి అర దులుపుతూ వంకాయ బూట్లు బయటికి తీసింది. "ఇయ్యి ఎవలివో, ఎవలూ ఏసుకోవడం నేదు. పడేసీమంటారా?"

"నావి" అన్నాను సైకిలు మీంచే.

ఆ అమ్మాయి బూట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఓలమ్మ! ఇయ్యి మీవా మేడం? ఎవలో ఒకామె ఇక్కడి ఫోనుకి రెండు మూడు తూర్లు సేసింది. 'మా అక్కని పిలమ్మా' అంటాది. ఏ అక్కండీ, పేరేటండీ అంటే పేరు తెల్దంటాది. 'వంకాయ రంగు బూట్లు ఏసుకుంటాది, సూడు' అంది. నాను అందరి కాళ్ళూ సూసినాను మేడం. ఎవలికీ నేవు. ఆ బూట్లామె రావడం మానీసిందని సెప్పీసినాను."

జిమ్ ఫోను పాత ల్యాండ్‌లైన్, అందులో నంబరు కనబడదు. అయినా అడిగాను. తెలియదంది. ఆ ఫోను మోగినప్పుడల్లా నేను ఇక్కడే ఉన్నానా అని అడిగాను. "మీరు రోజూ వస్తారు కదా మేడం, ఆ మూల సైకిలు మీదే ఉన్నారు" అంది. నా కాళ్ళు పెడళ్ళ మీద ఆగిపోయాయి. ఉత్త కాళ్ళు.

"ఇంకేమైనా అందా?"

"ఆకర్న సేసినప్పుడు, మరింక సెయ్యనులే అమ్మా, ఎప్పుడన్నా వస్తే నాను అడిగినానని సెప్పు అంది. ఎవలు అడిగినారని సెప్పాలండీ అన్నాను. 'సెల్లి అని సెప్పు, తెలుస్తాది' అంది."