పొరకు కట్టిన అంటు

నేను చేసే పనేమిటని బాబాయి అడిగినప్పుడు అంత తేలిగ్గా చెప్పి ఉండాల్సింది కాదు. జగ్గయ్యపేటలో మా వరండాలో కూర్చుని, "రక్తాన్ని వడగట్టే పొరలుంటాయి కదా బాబాయ్, వాటిమీద సన్నటి పాలిమర్ పోగుల్ని అంటు కడతాం," అన్నాను. గ్రాఫ్టింగ్‌కి అంతకంటే మంచి మాట తట్టలేదు. పైగా ఆయన రెడ్డిగూడెం దగ్గర తోటలో వందల మామిడి అంట్లు కట్టిన మనిషి. అప్పటికి ఆరు నెలలుగా, వారానికి మూడుసార్లు నందిగామ వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

"కడితే ఏవైద్దమ్మాయ్?"

"చల్లగా ఉంటే ఆ పోగులు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, వేడి తగిలితే ముడుచుకుంటాయి, అత్తిపత్తి ఆకుల్లాగా. అలా కదిలితే పొరకు పట్టిన జిగురు ఊడొస్తుంది. పొర మూసుకుపోదు."

"అంటు పట్టుద్దా మరి?"

"పడుతోంది బాబాయ్."

నిజమే, పడుతోంది. ల్యాబులో, రూపాయి బిళ్ళంత పొరమీద, రక్తంలో కాదు, గుడ్డు తెల్లసొన కలిపిన నీళ్ళలో. ఆ ముక్క చెప్పలేదు. ప్లాస్టిక్ సంచులు చేయడానికి పీహెచ్‌డీ దేనికే అని మా ఇంట్లో అందరూ ఏడిపించేవాళ్ళు. ఏడిపించనిది ఆయనొక్కడే. ఆయన అలా వింటుంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ వేసవిలో పిన్ని తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలు చేశారు, ఎడమది సరిపోతుందన్నారు. బాబాయి వద్దన్నాడు. అంతా మొండితనం అనుకున్నారు. పిన్ని నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"మీ బాబాయి ఏవంటన్నాడో తెలుసా? అంటు మావిడి నాలుగో ఏటికి కాపుకొచ్చిద్ది, అమ్మాయి పొర కూడా అంతేనంట. అందాకా ఆగితే నీ ఒంటిమీద కత్తి పెట్టక్కర్లేదంటన్నాడు. నిజవేనా?"

"పని జరుగుతోంది పిన్నీ, చూద్దాం," అన్నాను.

అది పచ్చి అబద్ధమైనా బాగుండేది, ఎవరైనా పట్టుకునేవాళ్ళు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా పరిశోధన. ఆ పొర మనిషి రక్తం దాకా ఎన్నేళ్ళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో నాకే తెలియదు; నాలుగేళ్ళలో మాత్రం రాదని తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. వెళ్ళినప్పుడల్లా ఆయన ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. పోగులు ఊడిపోయాయంటే, "కొన్ని చస్తయ్ లే, మళ్ళీ కట్టు," అని నాకే ధైర్యం చెప్పేవాడు. నేనూ సిగ్గులేకుండా ఆ ధైర్యం తీసుకుని బస్సెక్కేదాన్ని.

మూడో ఏడు ఆయన గుండె బలహీనపడింది. ఇక కిడ్నీ మార్చినా ఆపరేషన్‌కి తట్టుకోలేడని డాక్టరు తేల్చేశాడు. ఆ వారమే నందిగామ వెళ్ళాను. మిషను పక్కన మంచం మీద, చేతికి రెండు గొట్టాలతో పడుకుని, నన్ను చూసి నవ్వాడు. పిన్ని ఆయన కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. అప్పుడు చెప్పాను, నా పొర ఆయనకు అందదని, ఎప్పటికీ అందేది కాదని.

ఆయన గొట్టంలో రక్తం కేసి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా ఈ సంగతి?"

"మొదట్నుంచీ తెలుసు బాబాయ్."

పిన్ని స్టూలు మీంచి లేచింది. నడుముకు ఎడమపక్కన అరచెయ్యి ఆనించుకుని, నాకేసి చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.