పన్నెండు తడికెల దొడ్డి

తొలకరి జల్లు పడితే చాలు, సోలార్ పలకల కంచె దాటి తడిసిన గొర్రె పెంటికల వాసన రోడ్డు మీదికి వచ్చేస్తుంది. మొన్న వై.ఎన్.హొసకోటలో పాఠం చెప్పడానికి బండి మీద పోతుంటే అదే వాసన. పలకల కింద ఎవరివో గొర్రెలు మేస్తున్నాయి. బండి పక్కకు ఆపి అలాగే నిలబడిపోయాను. లెక్కల్లో నీ గురువెవరని అడిగితే న్యాయంగా కాలేజీ మాస్టర్ల పేర్లు చెప్పాలి. కానీ ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది ఈరక్కవ్వ. వేలిముద్ర మనిషి. మా పక్కింట్లో ఒంటరిగా ఉంటూ నలభై గొర్రెలు కాసుకునేది.

నేను పదో తరగతి రాసిన ఏడాది చుట్టుపక్కల చేలన్నీ ఒక్కొక్కటే సోలార్ పార్కుకు గుత్తకు పోతున్నాయి. మా చేను ఇంకా ఇవ్వలేదు. పైచదువు ఉచితంగా చెప్పే ఒక హాస్టల్ కాలేజీకి ప్రవేశ పరీక్ష ఉంది. సీటు వస్తే చదువు, రాకపోతే చిన్నత్తతో పాటు బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి. నాన్న ముందే తేల్చి చెప్పేశాడు. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని గానీ త్రిభుజాలు, బహుభుజులు కనబడితే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఈ రోజు బట్టీ పట్టిన సూత్రం రేపటికి మాయం!

మా వైపు కోత అయిన చేలో ఎరువు కోసం గొర్రెల మందను నిలుపుతారు. సాయంత్రం తడికెలు నిలబెట్టి దొడ్డి కట్టి గొర్రెల్ని తోలడం, మర్నాడు విప్పి పక్కన ఇంకోచోట కట్టడం. ఆ వారం మా చేలో ఈరక్కవ్వ మంద. నేను గట్టు మీద పుస్తకం ముందేసుకుని ఏడుస్తున్నాను.

“ఏందిమే, పుస్తకాన్ని తడుపుతా ఉండావు?” అంది వచ్చి.

“దొడ్డి మాదిరి గీతలు గీసి, లోపల ఎంత చోటుండాదో చెప్పమంటారవ్వా. నాకు రాదు.”

“దొడ్డి లెక్కనా! అయితే ఈ పొద్దు నువ్వే కట్టు. పన్నెండు తడికెలుండాయి. నేను సూస్తా ఉంటాను.”

చదువుకున్నదాన్ని కదా, దిక్కుకు మూడు చొప్పున చక్కగా చదరంగా కట్టాను. అవ్వ వక్క నములుతూ చూసింది. గొర్రెల్ని తోలింది. అయిదారు లోపల పట్టక బయట నిలబడి ఒకటే అరుపు. లోపలివి మూలల్లో ఒకదాని మీద ఒకటి పడి నలుగుతున్నాయి. “ఇస్కూల్లో నేర్పిన దొడ్డి ఇంతేనా?” అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తడికెలు పీకించి, అవ్వ నేల మధ్యలో ఒక గూటం దిగ్గొట్టింది. దానికి రెండు తడికెల పొడవు తాడు కట్టి, తాడు చివర మడమతో ఒక గుర్తు పెట్టింది. ఆ గుర్తు నుంచి రెండు తడికెలు నేల మీద పరిచి, వాటి చివర, తాడు బిగువు తప్పకుండా, ఇంకో గుర్తు. అలా గూటం చుట్టూ తిరిగింది. ఆరో గుర్తు నుంచి కొలిస్తే, అబ్బ, తాడు సరిగ్గా మొదటి గుర్తు మీదికే వచ్చింది! వెంట్రుకవాసి తేడా లేదు. ఆరు మూలల మధ్య రెండేసి తడికెలు. అవే పన్నెండు. నలభై గొర్రెలూ లోపలికి పోయి హాయిగా నిలబడ్డాయి.

గూటం నుంచి ప్రతి మూలకూ మనసులోనే గీత గీసుకున్నాను. ఆరు త్రిభుజాలు, ప్రతిదానికీ మూడు భుజాలూ సమానం. ఏడాదంతా బట్టీ పట్టిన సూత్రం నా కళ్లెదుట మట్టిలో పరుచుకుని ఉంది.

“తడికెలు ఇరవైనాలుగైతే ఎనభై గొర్రెలు పడతాయా అవ్వా?”

“ఎనబైయా? నూటరవై పడతాయి కదమే! పొడుగూ పెరిగె, అడ్డమూ పెరిగె.” ఆ మాట అంటూ గొర్రె కాలిలో ముల్లు తీస్తోంది, నా వైపు చూడనైనా లేదు.

పరీక్షలో అడిగారు. షడ్భుజి చుట్టుకొలత రెట్టింపయితే వైశాల్యం ఎన్ని రెట్లవుతుందని. నా పక్కనమ్మాయి సూత్రం కోసం పైకప్పు చూస్తోంది. నేను కాగితం మీద ముందు గూటం పాతాను. ఆ లెక్కే కాదు, ఆ భాగంలో ఒక్కటీ వదల్లేదు.

సీటొచ్చిందని చెప్పడానికి పరుగెత్తుకుంటూ పోయేసరికి అవ్వ వాకిట్లో గొర్రెలు లేవు. మంద నిలపడానికి చేలు మిగల్లేదు, అమ్మేసింది. తడికెలు గోడకు ఆనించి ఉన్నాయి. నా నెత్తి మీద రెండు చేతులూ పెట్టి మురిసిపోయింది. పరీక్షలో ఏమడిగారో చెప్పమంది. చెప్పాను. విని, చిన్నపిల్లలా అడిగింది.

“ఆ పరీచ్చ నేను రాసింటే, నాకూ ఇచ్చింటారా సీటు?”

“నీకిచ్చినాకే నాకిచ్చేవాళ్లవ్వా” అన్నాను. అవ్వ పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

అవ్వ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు అదే పరీక్షకు నేను పిల్లల్ని తయారు చేస్తున్నాను. బోర్డు మీద షడ్భుజి గీసే ముందు మధ్యలో ఒక చుక్క పెడతాను. గూటమంత మందంగా. అది ఎవరి గూటమో చెప్పాకే పాఠం మొదలుపెడతాను. మొన్న హొసకోటలో అది చెప్పగానే చివరి వరుస పిల్ల ఒకతి చెయ్యెత్తింది. “మిస్, మా అవ్వా గొర్రెలు కాస్తాది. ఆయమ్మను అడిగితే చెప్తాదా?”

“ఈ పొద్దే పోయి అడుగు” అన్నాను.