మొరవ మీద జానెడు నీళ్లు

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. చేతికి కొడవలి అలవాటైనంతగా పెన్ను అలవాటు కాలేదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయినా నా వయసువాళ్లు కూడబలుక్కుని చదువుకుంటారనే ధైర్యంతో భయపడుతూనే రాస్తున్నాను.

పోయిన నెల చెరువుల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి పుంగనూరు నుంచి మా ఊరికి వచ్చి, మీ చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయని అడిగింది. నిండినాక మిగిలిన నీళ్లు దాటిపోయే రాతికట్టను మేము మొరవ అంటాము. ఆ రాయిదాకా అని చెప్పి, పెళ్లలు వేస్తే ఇంకో జానెడు అన్నాను. పెళ్లలంటే ఏమని అడిగింది. అప్పటినుంచి, మేము పెళ్లలు వేసిన ఒకనాటి సంగతే కళ్లముందు తిరుగుతోంది.

నేను పెళ్లయి ఈ ఊరికి వచ్చిన ఏడు అది. చెరువు కింద మా అత్తవాళ్ల వరి, చెరువుకు పైన నీళ్ల అంచున మా నాయన రాగిచేను, ఒకే చెరువుకు నేను రెండు పక్కల మనిషిని. ఆ ఏడు వానలు బాగా పడి నీళ్లు మొరవ రాయిని తాకాయి. అట్లాంటప్పుడు గడ్డితో సహా తవ్విన మట్టిపెళ్లలు మొరవ మీద పేర్చి ఇంకో జానెడు నీళ్లు ఆపుకోవడం మా ఊరి వాడుక. ఆ జానెడు మా వరికి చివరి తడి, మా నాయనకు మాత్రం కోతకొచ్చిన రాగి మునక.

మగవాళ్లు పెళ్లలు తవ్వుతుంటే నేనూ మా అత్తా సంగటి తీసుకుపోయాము. నీళ్లకు అవతల మా నాయన చేనిగట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆయన కేక వేయలేదు, నేను చెయ్యి ఊపలేదు. కొత్త కోడలిని, ఎవరితో ఏమని చెప్పేది?

"ముద్ద తినకుండా అట్నే యాల పట్టుకోనుండావమ్మా?" అంది మా అత్త.

"ఆడుండేది మా నాయన చేను అత్తా," అన్నాను.

ఆమె అవతలికి చూసి, తన పెద్దకొడుకును, మా బావను పిలిచి, పెళ్లలు సాయంత్రం వేద్దురుగానీ ముందు కొడవళ్లు తెమ్మంది. మా బావకు కోపం వచ్చింది.

"అంతలోకి నీళ్లన్నీ దూకిపోతాయి గదమా. వరికి నువ్వు కడవతో పోస్తావా?"

"పోతే పోనీలేప్పా. ఆ రాగి మునిగినాక ఈ పిల్ల మనింట్లో ముద్ద ఎట్ల తింటాది?"

చెరువుకట్ట చుట్టూ తిరిగి మేమంతా కొడవళ్లతో పోతుంటే, కొట్లాటకు వస్తున్నామనుకుని మా నాయన కట్టె పట్టుకుని ఎదురొచ్చి, ముందు నడుస్తున్న నన్ను చూసి, ఆ కట్టెను ఏం చేయాలో తెలియక చంకలో ఇరికించుకున్నాడు. మా బావ రాగి కోస్తూనే, మొరవ దూకే నీళ్ల చప్పుడుకు మాటిమాటికీ తల తిప్పి గొణుక్కున్నాడు. పొద్దు గూకేలోగా వెన్నులన్నీ మెరకకు చేరాయి. అప్పుడు మా నాయన కూడా మావాళ్లతో వచ్చి, ఒక పెళ్లను తానే తలకెత్తుకుని తెచ్చి మొరవ మీద పెట్టాడు. తెల్లారి చూస్తే రాగి మోళ్ల మీద నీళ్లు నిండుగా నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు ఆ చేను ఉన్నచోట ప్లాట్ల రాళ్లు పాతారు, కింద వరి పోయి బోర్ల మీద టమాటా వచ్చింది. మొన్నటి వానకు చెరువు నిండి నీళ్లు మొరవ దూకితే పిల్లలు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. పెళ్ల వేసేవాళ్లూ లేరు, వద్దనేవాళ్లూ లేరు.

జానెడంటే ఎంతో చూపిద్దామని మొరవ రాయి మీద చెయ్యి ఆనిస్తే, పుంగనూరు నుంచి వచ్చిన ఆ అమ్మాయి పక్కన కొలబద్ద పెట్టి కొలుచుకుంది. మా నాయన పెళ్ల పెట్టిన చోటు అదేనని ఆమెకు చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. నా రాతలో తప్పులుంటే మన్నించి, మీరే సరిచేసుకుని చదువుకోండి.